సెరటోనిన్ తగ్గితే మతిమరుపు వస్తుందా? నాన్న మందు గురించి కాస్త చెప్పండి

అరుణోదయం | జూన్ 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నకి 71. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయి పద్నాలుగు నెలలు. మొదట్లో బాగానే తట్టుకున్నారనుకున్నాం. ఆరు నెలలుగా మాత్రం మనిషి మారిపోయారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. పేపరు చేతిలోనే ఉంటుంది, గంటైనా పేజీ తిప్పరు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. మొన్న మా అబ్బాయి భిన్నాల లెక్క ఒకటి అడిగితే కాసేపు చూసి "నాకు తెలీదురా, మీ అమ్మనడుగు" అని పుస్తకం మూసేశారు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. నాకు అక్కడ భయం వేసింది.

డాక్టరుగారు థైరాయిడ్, బి12, స్కాన్ చేయించారు. అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. మతిమరుపు పరీక్షలో 30కి 22 వచ్చాయి. "డిప్రెషన్ వల్ల కూడా ఇలా ఉంటుంది, ముందు దానికి మందు వాడి మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేద్దాం" అని ఎస్సిటాలోప్రామ్ రాశారు. మెదడులో సెరటోనిన్ పెంచే మందట.

ఇంటికొచ్చాక బాబాయి ఒకటే గొడవ. ఆ మందులు బుర్రని మొద్దుబారుస్తాయనీ, ఉన్న జ్ఞాపకం కూడా పోతుందనీ. రెండు రోజులుగా మందు డబ్బాలోనే ఉంది.

సెరటోనిన్ అంటే సంతోషానికి సంబంధించిందని విన్నాను. జ్ఞాపకంతో దానికేం పని? పెంచితే మంచిదా, చెడ్డదా?

---

మందుల పెట్టె | జూన్ 3, రాత్రి 10:05

అరుణోదయం గారూ, నేను ఫార్మకాలజీ పాఠాలు చెబుతాను, వైద్యం చేయను. ఆ మేరకే వినండి.

ముందు ఆ "సంతోష రసాయనం" అన్న పేరు పక్కన పెట్టేద్దాం. దాన్ని మొదట చూసింది మెదడులో కానే కాదు. 1930లలో ఇటలీలో ఎర్‌స్పామెర్ అనే ఆయన పేగు గోడలో చూసి ఎంటెరామిన్ అని పేరు పెట్టారు. 1948లో అమెరికాలో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తపు సీరం నుంచి, రక్తనాళాలని బిగించే పదార్థంగా వేరుచేశారు. సీరంలో దొరికింది కాబట్టి సెరటోనిన్. రెండూ ఒకటేనని ఆ తర్వాత తేలింది. మెదడులో కూడా ఉందని 1953లో బెట్టీ ట్వారోగ్ చూపించేదాకా దాన్ని మనసుతో ముడిపెట్టినవాళ్లే లేరు. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా ఇప్పటికీ పేగుల్లోనే ఉంటుంది, అది మెదడులోకి దాటదు. మెదడు తనకి కావలసింది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంతో తానే చేసుకుంటుంది.

మెదడు కాండం మధ్యగీత వెంబడి రాఫే కేంద్రకాలని ఉంటాయి. గ్రీకులో రాఫే అంటే కుట్టు. సెరటోనిన్ తయారుచేసే కణాలన్నీ దాదాపు అక్కడే. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే ఇవి కొన్ని లక్షలే. కానీ వీటి తీగలు వెళ్లని మూల లేదు. కొత్త జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్‌కీ వెళ్తాయి, నిర్ణయాలు తీసుకునే ముందుభాగానికీ వెళ్తాయి. అందుకునే రిసెప్టర్లు 14 రకాలు. ఒక రకం కణాన్ని రెచ్చగొడితే ఇంకో రకం అణిచేస్తుంది. అందుకే "పెంచితే మంచిదా" అంటే ఒక్క మాటలో చెప్పలేం. ఎక్కడ, ఏ రిసెప్టర్ మీద, ఎన్నాళ్లు అని తిరిగి అడగాలి.

బాబాయిగారి భయానికి కొంత ఆధారం ఉంది. డిప్రెషన్‌కి వాడే పాత మందుల్లో కొన్ని, ఉదాహరణకి అమిట్రిప్టిలిన్, ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో మెదడు రసాయనాన్ని అడ్డుకుంటాయి. జ్ఞాపకానికి అది చాలా ముఖ్యం. పెద్దవాళ్లలో ఆ మందులు నిజంగానే మతిని మందగింపజేస్తాయి. ఎస్సిటాలోప్రామ్‌కి ఆ గుణం లేనట్టే. మందు వేయకూడదనుకుంటే ఆ మాట డాక్టరుగారికి చెప్పండి. డబ్బాలో పెట్టి మూడు నెలల తర్వాత పరీక్షకెళ్తే, మందు పనిచేయలేదని ఆయన పొరబడతారు.

---

ప్రశ్నలపుట్ట | జూన్ 3, రాత్రి 11:31

సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్ అన్న కథ కొట్టుకుపోయింది కదండీ? 2022లో మాంక్రీఫ్ బృందం పాత పరిశోధనలన్నీ గుదిగుచ్చి, సెరటోనిన్ తక్కువని చెప్పడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చారు. డిప్రెషన్‌కే లింకు లేనప్పుడు దాన్నుంచి మతిమరుపుకి ఇంకో లింకు ఎందుకు వేస్తున్నారు?

---

మందుల పెట్టె | జూన్ 4, ఉదయం 6:50

తలనొప్పికి పారాసిటమాల్ పనిచేస్తే ఒంట్లో పారాసిటమాల్ తక్కువై తలనొప్పి వచ్చిందని ఎవరూ అనరు కదా. మందు పనిచేయడం వేరు, జబ్బుకి కారణం వేరు. "తక్కువైంది" అన్న సిద్ధాంతం బలహీనమని నేనూ ఒప్పుకుంటాను, నా క్లాసులో అలా చెప్పడం ఎప్పుడో మానేశాను. ఆ మందులతో కొందరికి నయమవుతుందన్నది మాత్రం విడిగా, ట్రయల్స్‌లో తేలిన విషయం. ఎంత నయమవుతుందన్న దాని మీద గొడవ పడదామంటే రండి, దానికి వేరే చర్చ పెట్టుకుందాం. ఇక్కడ ఒక ఇంటివాళ్లు కంగారులో ఉన్నారు.

---

నత్తనడక | జూన్ 4, మధ్యాహ్నం 1:18

నా పేరు చూసి నవ్వకండి, పీహెచ్‌డీ మొత్తం సముద్రపు నత్త మీదే చేశాను. అందుకే ఈ ప్రశ్నకి ఆగలేకపోతున్నాను.

జ్ఞాపకం, సెరటోనిన్ అన్న రెండు మాటల్ని గట్టిగా కలిపి కట్టింది ఒక నత్తే. అప్లీసియా అంటారు. దానికి నాడీకణాలు సుమారు 20,000 ఉంటాయి, కొన్ని ఎంత పెద్దవంటే కంటికే కనిపిస్తాయి. తోక మీద షాక్ ఇస్తే భయపడి, ఆ తర్వాత మెల్లగా తాకినా మొప్పని గబుక్కున ముడుచుకుంటుంది. ఆ షాక్ తగిలినప్పుడు లోపల విడుదలయ్యేది సెరటోనిన్. ఎరిక్ కాండెల్ ప్రయోగశాలలో నత్తని కూడా పక్కన పెట్టి, గాజు పళ్లెంలో రెండు రకాల కణాలు పెంచి వాటి మీద సెరటోనిన్ చల్లారు. ఒక్కసారి చల్లితే ఆ రెండు కణాల మధ్య బంధం కొన్ని నిమిషాలు బలపడి మళ్లీ మామూలైపోయింది. మధ్యమధ్య ఆగుతూ ఐదుసార్లు చల్లితే రోజు దాటినా ఉంది. ఐదుసార్లు చల్లినప్పుడు కణం లోపల జన్యువులు మేలుకుని కొత్త ప్రొటీన్లు తయారై, కొత్త అతుకులే మొలిచాయి. ఒకేసారి బట్టీ పట్టిన పాఠానికీ, రోజు విడిచి రోజు చదివిన పాఠానికీ ఉన్న తేడా పళ్లెంలో కనిపించింది. 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది.

అలాగని సెరటోనిన్ బిళ్ల వేసుకుంటే నాన్నగారికి లెక్కలొచ్చేస్తాయని కాదు :) మన మెదడులో ఆ పనిలో ఎక్కువ భాగం వేరే రసాయనాలు చూసుకుంటాయి. మనుషుల్లో ఎలా ఉంటుందో నా మీద జరిగిన ఒక ప్రయోగంతో చెబుతాను.

చదువుకునే రోజుల్లో వాలంటీరుగా వెళ్లాను. అమైనో ఆమ్లాలన్నీ కలిపిన ఒక ద్రవం తాగిస్తారు. గంధకం కంపు. ముక్కు మూసుకుని తాగినా గంటసేపు తేన్పుల్లో అదే. రెండు రోజులు, రెండు గ్లాసులు. ఒకదాన్లో ట్రిప్టోఫాన్ ఉంటుంది, రెండోదాన్లో ఉండదు. ఏది ఎప్పుడన్నది మనకీ చెప్పరు, ఇచ్చేవాళ్లకీ తెలీదు. ట్రిప్టోఫాన్ లేనిది తాగితే కొన్ని గంటల్లో రక్తంలో అది బాగా పడిపోతుంది, మెదడులో సెరటోనిన్ తయారీ తాత్కాలికంగా మందగిస్తుంది. అప్పుడు 15 మాటల జాబితా చదివి వినిపించారు. వెంటనే అడిగితే రెండు రోజులూ ఒకేలా చెప్పానట. అరగంట తర్వాత అడిగితే ఒక రోజు నాలుగు మాటలు ఎగిరిపోయాయి. అది ట్రిప్టోఫాన్ లేని రోజని తర్వాత చెప్పారు. నా ఒక్కదాని ఫలితంతో ఏదీ రుజువు కాదు, కానీ ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. విన్నది బుర్రలోకి వెళ్లడం కంటే, వెళ్లింది అక్కడ కుదురుకోవడం దెబ్బతింటుంది.

ఇక ఆలోచన సంగతి. నా ఉద్దేశంలో సెరటోనిన్ అసలు ముద్ర జ్ఞాపకం మీదకంటే దీని మీదే ఎక్కువ. 2004లో కేంబ్రిడ్జ్‌వాళ్లు మార్మోసెట్ కోతులకి రెండు బొమ్మలు చూపించారు. ఒకదాన్ని ముట్టుకుంటే బహుమతి. నేర్చుకున్నాక నియమం తిరగేశారు. మామూలు కోతి కొద్దిసేపు తికమకపడి రెండో బొమ్మకి మారుతుంది. మెదడు ముందుభాగంలో సెరటోనిన్ తీసేసిన కోతి మాత్రం పాత బొమ్మనే ముడుతూ కూర్చుంది. బహుమతి రాకపోయినా సరే. నేర్చుకోవడం వచ్చు. వదలడం రాలేదు.

---

తాళంచెవి | జూన్ 4, రాత్రి 8:44

నత్తనడక గారూ, ఆ కోతి నేనే.

పదకొండేళ్లుగా ఓసీడీ, అంటే ఒకే అనుమానం, ఒకే పని మళ్లీమళ్లీ చేయించే జబ్బు. తాళం వేసి, లాగి చూసి, నాలుగు మెట్లు దిగి మళ్లీ వెనక్కి. నా భార్య మొదట్లో "నీకు మతిమరుపు" అనేది. నిజానికి నాకు వేసిన సంగతి గుర్తుంటుంది. వేలికి తాళంచెవి చల్లదనం కూడా గుర్తుంటుంది. ఆ గుర్తు మీద నమ్మకమే ఉండదు. చూసినకొద్దీ ఇంకా మసకబారుతుంది. ఇది నా భ్రమ కాదని నా సైకాలజిస్టు చెప్పారు. 2003లో మామూలు మనుషుల చేతే కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యిని 20 సార్లు కట్టి సరిచూడమన్నారట. చివరిసారి ఏవి సరిచూశారో సరిగ్గానే చెప్పారు, కానీ "అంత స్పష్టంగా గుర్తులేదు, నమ్మకం లేదు" అన్నారట.

నేను వాడేదీ సెరటోనిన్ మందే, డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే ఎక్కువ డోసులో. మూడో నెల దాటాక ఒకరోజు బస్సెక్కి కూర్చున్నాక తాళం ఊసే రాలేదని గమనించాను. జ్ఞాపకం పెరగలేదు. ఆ ఆలోచనని వదిలి పక్కకి రాగలిగాను. మందు ఒక్కటే కాదు, థెరపీ కూడా జరిగింది, ఏది ఎంతో చెప్పలేను.

---

తీరిక లేని కోడలు | జూన్ 5, ఉదయం 5:20

అరుణోదయం గారూ, ఈ టైములోనే నాకు ఫోను పట్టుకునే వీలు. మా అత్తయ్యకి ఆల్జీమర్స్, ఆరో ఏడు. మీరు రాసినదాన్లో ఒక మాట దగ్గర ఆగాను. నాన్నగారు "నాకు తెలీదు" అన్నారు.

మా అత్తయ్య ఎప్పుడూ తెలీదనలేదు. ఈ రోజు ఏ వారం అంటే "ఏం, నీకు తెలీదా?" అని నవ్వేవారు. పొద్దున ఎవరొచ్చారంటే ఎవరూ రాకపోయినా ఒక కథ చెప్పేవారు. మేం వెళ్లిన డాక్టరమ్మ చెప్పింది: దిగులుతో మతి మందగించినవాళ్లు తమ మతిమరుపు గురించి తామే బాధపడతారు, ప్రయత్నించకుండానే తెలీదంటారు. ఆల్జీమర్స్‌లో ఎక్కువమంది కప్పిపుచ్చుతారు, ఇంట్లోవాళ్లే తీసుకొస్తారు. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. కానీ మీరు రాసింది చదివి నాకు కాస్త ధైర్యంగా అనిపించింది. మీకూ చెబుదామని.

ఇంకోటి. అత్తయ్యకి రెండేళ్ల క్రితం విపరీతమైన కోపం, కొట్టడం మొదలైతే సిటాలోప్రామ్ అనే సెరటోనిన్ మందు పెట్టారు. కోపం తగ్గింది, మతి ఏమీ మెరుగవలేదు. అప్పుడు నేను చాలా ఆశ పెట్టుకున్నాను.

---

మందుల పెట్టె | జూన్ 5, ఉదయం 7:35

> కోపం తగ్గింది, మతి ఏమీ మెరుగవలేదు.

మీ ఇంట్లో చూసిందే ట్రయల్‌లోనూ వచ్చిందమ్మా. 2014లో ఆల్జీమర్స్ ఉన్న 186 మంది మీద సిటాలోప్రామ్ పరీక్షించారు. తొమ్మిది వారాల్లో ఆందోళన, దూకుడు తగ్గాయి. కానీ మతిమరుపు పరీక్షలో మార్కులు ఒక పాయింటు వరకు పడిపోయాయి, ఈసీజీలో గుండె లయ మీద కూడా ప్రభావం కనిపించింది. వాళ్లు వాడింది 30 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకి అది ఎక్కువే.

ఆల్జీమర్స్‌లో రాఫే కణాలు చాలా ముందు దశల్లోనే దెబ్బతింటాయి. పార్కిన్సన్స్‌లోనూ వణుకు మొదలవకముందే ఆ చుట్టుపక్కల జబ్బు చేరుతుంది. కొందరికి వణుకు కంటే ఏళ్ల ముందే దిగులు రావడానికి ఇదొక కారణం కావచ్చంటారు. అయితే తగ్గినదాన్ని మందుతో పూడిస్తే జ్ఞాపకం తిరిగొస్తుందా అంటే, రాలేదు. 5-హెచ్‌టీ6 అనే సెరటోనిన్ రిసెప్టర్‌ని మూస్తే ఎసిటైల్‌కోలిన్ పెరిగి జ్ఞాపకం బాగుపడుతుందని ఎలుకల్లో చూసి పెద్ద కంపెనీలు కోట్లు పోశాయి. ఆ రకం మందుల్లో ఇంటెపిర్డిన్ 2017లో బోల్తా కొట్టింది. ఐడలోపిర్డిన్ మూడు ట్రయల్స్, 2,525 మంది రోగులు, 2018లో ఫలితం: డమ్మీ బిళ్లకీ దీనికీ తేడా లేదు. ఎలుక తొట్టిలో దారి గుర్తుపెట్టుకోవడానికీ, మనిషి మనవడి పేరు గుర్తుపెట్టుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

డిప్రెషన్‌లో పరిస్థితి కొంచెం మెరుగు. 2013లో వచ్చిన వోర్టియోక్సెటిన్ సెరటోనిన్‌ని పెంచడంతో పాటు కొన్ని రిసెప్టర్లని నేరుగా తాకుతుంది. అంకెలకి గుర్తులు జతచేసే పరీక్షలో వేగం పెంచిందని తేలింది. తేడా చిన్నదే.

---

ప్రశ్నలపుట్ట | జూన్ 5, ఉదయం 9:02

అంటే పదేళ్ల ఖర్చుకి ఫలితం "కొంచెం మెరుగు". నేనన్నదీ అదేగా.

---

అరుణోదయం | జూన్ 5, రాత్రి 10:27

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. కోడలు గారూ, మీ మెసేజ్ నాన్నకి చదివి వినిపించాను. "నాకు తెలీదంటే నిజంగానే తెలీదనమ్మా" అన్నారు. ఆరు నెలల తర్వాత మొదటిసారి కాస్త వెటకారం వినిపించింది.

ఇవాళ్టి నుంచి మందు మొదలుపెట్టాం. బాబాయికి చెప్పలేదు.

ఒక డౌటు. పరీక్షలో గడియారం బొమ్మ గీయమన్నారు, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమని. నాన్న గుండ్రం గీసి అంకెలన్నీ చక్కగా వేశారు. కానీ ఒక ముల్లు 11 మీద, ఇంకోటి 10 మీద పెట్టారు. టైము చూడటం మర్చిపోయారా? చేతికున్న వాచీలో మాత్రం టైము సరిగ్గానే చెబుతారు!

---

గడియారం | జూన్ 6, ఉదయం 8:15

ఇన్నేళ్లకి నా పేరుకి తగ్గ ప్రశ్న వచ్చింది. నేను చేసే ఉద్యోగమే ఈ పరీక్షలు పెట్టడం.

పదకొండూ పది అని కావాలనే అడుగుతారు. "పది" అని వినగానే చెయ్యి 10 అంకె వైపు లాగుతుంది. దాన్ని ఆపి, "పది నిమిషాలంటే ముల్లు 2 మీద ఉండాలి" అని మార్చుకోవాలి. మీ నాన్నగారు టైము మర్చిపోలేదు. మొదట తట్టిన జవాబుని ఆపలేకపోయారు. ఇది మెదడు ముందుభాగం పని. నత్తనడక గారు చెప్పిన కోతి కథకి దగ్గరి చుట్టం, అయితే ఒక్క బొమ్మ చూసి సెరటోనిన్ లోపం అని మాత్రం చెప్పేయకూడదు. ముదిరిన దిగులులో ఈ తప్పు చూస్తుంటాను, తొలి దశ డిమెన్షియాలోనూ చూస్తుంటాను.

ఒక ఉపాయం అడిగి తెలుసుకోండి. మాటల జాబితాలో నాన్నగారు మర్చిపోయినవాటికి సూచన ఇచ్చినప్పుడు, అంటే "అదొక పువ్వు" అనగానే, చెప్పగలిగారా? చెబితే జ్ఞాపకం లోపల ఉంది, తీయడం కష్టమవుతోంది. సూచన ఇచ్చినా రాకపోతే అసలు లోపలికే వెళ్లలేదని అనుమానించాలి.

---

మూడోవంతు | జూన్ 6, సాయంత్రం 6:40

అందరూ మందుని వెనకేసుకొస్తున్నారు, ఇంకో వైపు కూడా రాస్తాను. రెండేళ్లు వాడాను. ఏడుపు ఆగింది. దానితో పాటు పాట వింటే ఒళ్లు పులకరించడం కూడా ఆగింది. ఆఫీసులో పొగిడినా తిట్టినా ఒకటే. దాన్ని మొదట మతిమరుపే అనుకున్నాను, ఏదీ మనసుకి పట్టకపోతే గుర్తుండదు కదా. డోసు తగ్గించాక తేలికపడ్డాను. డాక్టరుకి చెప్పే తగ్గించాను, ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరుగుడు, కరెంటు కొట్టినట్టు జలదరింపు వస్తాయి, ఎవరూ ఆ పని చేయొద్దు.

---

నత్తనడక | జూన్ 6, రాత్రి 9:55

మూడోవంతు గారూ, మీకు జరిగినదాన్ని ల్యాబులో చూశారు. 2023లో అచ్చయింది. ఏ జబ్బూ లేని 66 మందిలో కొందరికి ఎస్సిటాలోప్రామ్, కొందరికి డమ్మీ, కనీసం 21 రోజులు. జ్ఞాపకం, ఏకాగ్రత పరీక్షల్లో తేడా రాలేదు. బహుమతికి స్పందించడం మాత్రం మొద్దుబారింది, నియమం తిరగేసే ఆటలోనూ అది కనిపించింది. దీన్ని బట్టి చూస్తే బాబాయిగారన్న "మొద్దుబారడం" ఉంది గానీ ఆయన చెప్పిన చోట లేదు.

---

అరుణోదయం | జూన్ 21, ఉదయం 11:08

దయచేసి ఎవరైనా ఉంటే చెప్పండి. నాన్న నిన్నటి నుంచి బాగా తేడాగా ఉన్నారు. మందు వేసుకుంటూ 17వ రోజు. నిన్న నడుస్తుంటే తూలారు. రాత్రి నన్ను అమ్మ పేరుతో పిలిచారు. ఇప్పుడు ఎక్కడున్నారో తెలియనట్టు చూస్తున్నారు, వాంతి వచ్చేట్టుందంటున్నారు. బాబాయి వచ్చి "చెప్పానా" అంటున్నారు. మందుకి అలవాటు పడేదాకా ఇలాగే ఉంటుందని పక్కింటివాళ్లు అంటున్నారు. ఆగమంటారా?

---

మందుల పెట్టె | జూన్ 21, ఉదయం 11:14

ఆగకండి. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లగానే రక్తంలో సోడియం చూడమని అడగండి. బీపీ మందుందా? అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు ఉంటే ఆ స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి. జ్వరం, చెమటలు, కాళ్లు ఎగిరెగిరి పడటం ఉన్నా చెప్పండి. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించకండి.

---

అరుణోదయం | జూన్ 21, ఉదయం 11:17

బీపీ బిళ్లలో క్లోర్‌తాలిడోన్ అని ఉంది. బయలుదేరుతున్నాం.

---

అరుణోదయం | జూన్ 24, రాత్రి 8:30

సోడియం 121. ఉండాల్సింది 135 నుంచి 145 మధ్య అట. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఒక్కసారిగా పెంచితే మెదడుకే ప్రమాదమని చాలా మెల్లగా, గంటల లెక్కన చూస్తూ పెంచారు. ఇవాళ 133. నిన్న పొద్దున కళ్లు తెరిచి నర్సుని "ఇవాళ ఎన్నో తారీఖు?" అనడిగి, ఆవిడ చెబితే "అయితే పెన్షన్ పడటానికి ఇంకా వారం" అన్నారు. నేను బయటికొచ్చి ఏడ్చాను.

మందు ఆపేశారు. బీపీ బిళ్ల మార్చారు. మొదటిసారి మందు రాసినప్పుడు రెండు వారాల్లో రక్తపరీక్ష చేయించుకోమని మాకెవరూ చెప్పలేదు. ఆ కోపం ఉంది, పేర్లెత్తి రాయను.

మందుల పెట్టె గారూ, మీరు ఆ ఆరు నిమిషాల్లో జవాబివ్వకపోతే పక్కింటివాళ్ల మాటే వినేదాన్నేమో.

---

ప్రశ్నలపుట్ట | జూన్ 24, రాత్రి 9:11

ఆయన కోలుకున్నందుకు సంతోషం. ఇంతకీ బాబాయే గెలిచాడుగా? మందు వల్లే మతి తప్పింది.

---

మందుల పెట్టె | జూన్ 24, రాత్రి 9:48

సగం గెలిచారు, ఒప్పుకోవాల్సిందే. మతి తప్పింది మందు వల్లే. ఇక్కడ సెరటోనిన్ పాత్ర కూడా ఉంది, అయితే జ్ఞాపకాలు కట్టే చోట కాదు. ఆ మందులు కొందరిలో ఏడీహెచ్ అనే హార్మోన్‌ని అవసరం లేకపోయినా విడుదల చేయిస్తాయి. దాంతో మూత్రపిండాలు నీళ్లని పట్టి ఉంచుతాయి, రక్తం పలచబడి సోడియం పడిపోతుంది. నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. పెద్ద వయసు, పైన క్లోర్‌తాలిడోన్‌లా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మందు, రెండూ కలిస్తే ప్రమాదం ఎక్కువ. మొదటి నెలలోనే ఎక్కువగా జరుగుతుంది.

నా తప్పు కూడా ఉంది. జూన్ 3న 71 ఏళ్లని చదివి కూడా బీపీ మందు గురించి అడగలేదు. రాఫే అంటే గ్రీకులో కుట్టు అని రాయడానికి టైముంది, ఇది అడగడానికి లేకపోయింది.

---

తీరిక లేని కోడలు | జూన్ 25, ఉదయం 5:05

అలా అనుకోకండి సార్. అరుణా, నువ్వు కాస్త పడుకో తల్లీ. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి వారం మనకే జ్వరం వస్తుంది.

---

అరుణోదయం | సెప్టెంబర్ 9, రాత్రి 9:20

చాలామంది మెసేజ్‌లు పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నాను.

జూలైలో మిర్టజపిన్ అనే వేరే మందు మొదలుపెట్టారు, సోడియం సమస్య దీనితో తక్కువట. ఈసారి వారానికోసారి రక్తపరీక్ష చేయించాం, 138 దగ్గర నిలబడింది. నిద్ర ముందు కుదిరింది, ఐదింటిదాకా పడుకుంటున్నారు. పేపరు మడతపెట్టి పక్కన పడేస్తున్నారు, అంటే చదివినట్టే లెక్క.

నిన్న మళ్లీ పరీక్ష. 30కి 26. ఈసారి ముల్లు 2 మీద పెట్టారు.

---

గడియారం | సెప్టెంబర్ 9, రాత్రి 10:02

చాలా సంతోషం అండి. ఒక మాట చెప్పక తప్పదు, ఏమీ అనుకోకండి. అదే పరీక్ష రెండోసారి రాస్తే అలవాటు వల్ల ఒకటి రెండు మార్కులు ఎక్కువ వస్తాయి. నాలుగు పెరగడం మంచి సూచనే. కానీ పెద్ద వయసులో మొదటిసారి డిప్రెషన్ వచ్చి మతి మందగించినవాళ్లలో కొందరికి తర్వాతి ఏళ్లలో డిమెన్షియా బయటపడుతుంది. ఏడాదికోసారి వేరే ప్రశ్నలున్న కాపీతో పరీక్ష చేయించండి. సూచన ఇస్తే మాటలు గుర్తొచ్చాయా?

---

అరుణోదయం | సెప్టెంబర్ 9, రాత్రి 10:15

ఐదింటిలో మూడు సొంతంగా, ఒకటి సూచనతో. ఐదోది రాలేదు. ఇంటికొచ్చేటప్పుడు కారులో "మందారం" అని అరిచారు. డ్రైవరు బ్రేక్ వేశాడు.